చేప నోటికి సరిపోయే ఇసుక

అక్వేరియం పెట్టాలనుకునేవారు ముందుగా గాజు తొట్టి కొలతలు చూస్తారు. తర్వాత ఫిల్టర్, దీపం, చేపలు ఎంచుకుంటారు. అడుగున ఏం పరచాలన్న సంగతి అన్నిటికన్నా చివర వస్తుంది. దుకాణంలో వేలాడే సంచుల్లో కంటికి నచ్చిన రంగు చూసి కొనేస్తారు. నీటి మధ్యలో ఈదే గప్పీ, టెట్రా వంటి చేపలకు దీనివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు. అవి నేలను తాకేది తక్కువ. కానీ మంచినీటి చేపల్లో ఎన్నో జాతులు పుట్టింది మొదలు అడుగునే బతుకుతాయి. తిండి వెతుక్కోవడం, సేదదీరడం, భయం వేస్తే దాక్కోవడం అన్నీ వాటికి అక్కడే. ఈ చేపల ఆరోగ్యాన్ని నీటి నాణ్యత తర్వాత ఎక్కువగా నిర్ణయించేది వాటి పొట్ట కింద ఉన్న నేల. అందుకే ఆ నేలను చేప నోటిని, ఒంటిని బట్టి ఎంచుకోవాలి.

అడుగు చేపల దేహనిర్మాణం

ప్రపంచమంతటా అక్వేరియం దుకాణాల్లో దొరికే అడుగు చేపల్లో కోరిడోరాస్ ముఖ్యమైనది. ఇది దక్షిణ అమెరికా నదుల్లోని చిన్న జెల్ల. చాలా జాతులు మూడు నుంచి ఏడు సెంటీమీటర్లకు మించవు. మచ్చల కోరిడోరాస్‌ను బీగిల్ నౌకాయానంలో చార్లెస్ డార్విన్ సేకరించగా, లెనార్డ్ జెనిన్స్ 1842లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఈ ప్రజాతిలో జాతులు పెరిగిపోవడంతో 2024లో శాస్త్రవేత్తలు దీన్ని అనేక ప్రజాతులుగా విడదీశారు. పెంపకందార్లు మాత్రం ఇప్పటికీ అన్నిటినీ కోరీలనే పిలుస్తున్నారు.

సన్నని ఇసుక పరిచిన తొట్టిలో కోరీ తిండి తినడం దగ్గర నుంచి గమనిస్తే, దాని నోటికీ నేలకీ ఉన్న సంబంధం స్పష్టంగా తెలుస్తుంది. చేప మూతిని కిందికి వంచి, మీసాలతో ఇసుకను తడుముతూ ముందుకు కదులుతుంది. వాసనో రుచో తగిలిన చోట ఆగి, మూతిని ఒక్కోసారి కళ్ళదాకా ఇసుకలోకి దింపుతుంది. నోటినిండా ఇసుక పీల్చి, లోపలే జల్లించి, పురుగునో మేత గింజనో మింగుతుంది. మిగిలిన ఇసుక మొప్పల చీలికల నుంచి రెండు పక్కలా సన్నని ధారల్లా జారిపోతుంది. ఆ వెంటనే మరో పుక్కిలి. రోజులో చాలా భాగం ఈ జల్లెడ పనితోనే గడుస్తుంది. ఇసుక రేణువు నోట్లో పట్టాలి, మొప్పల సందుల్లోంచి ఇరుక్కోకుండా బయటకు రావాలి. ఆ పరిమాణం దాటితే చేపకు ఈ పని సాధ్యం కాదు. పెద్ద గులకరాళ్ళ మీద వదిలిన కోరీ పైపైన ముక్కుతో పొడవగలదే తప్ప తన పద్ధతిలో తిండి తినలేదు.

జెల్లల జాతికి మీసాలు స్పర్శకే కాదు, రుచికీ ఆధారం. వాటి చర్మం నిండా రుచి కళికలుంటాయి, మీసాల మీద మరీ దట్టంగా ఉంటాయి. ఉత్తర అమెరికా జెల్లల మీద జరిగిన పరిశోధనల్లో పెద్ద చేప ఒంటి మీద లక్షకు పైగా రుచి కళికలున్నట్టు తేలింది. బురద నీటిలో కళ్ళు పనిచేయని చోట ఈ మీసాలే దారి చూపుతాయి. కోరీ పక్కలకు ఎముక పలకల రక్షణ ఉన్నా, మీసాలకూ పొట్ట కింది భాగానికీ అది లేదు. నేలను ఎప్పుడూ తాకుతూ ఉండే భాగాలు సరిగ్గా అవే.

ఇక మనకు బాగా తెలిసిన అడుగు చేప బొమ్మిడాయి. గోదావరి, కృష్ణా పరీవాహకాల్లో దొరికే ఈ చేపను మనం పులుసు రుచితోనే ఎక్కువగా గుర్తుపెట్టుకుంటాం. ప్రపంచ అక్వేరియం వ్యాపారంలో దీని బంధువులు ముళ్ళ పాముచేపలుగా అమ్ముడవుతాయి. పగలంతా ఇసుకలో దేహాన్ని పూడ్చుకుని, సన్నని మూతి కొన మాత్రమే బయట పెట్టి ఉండడం, చీకటి పడ్డాక పురుగుల వేటకు బయలుదేరడం వీటి అలవాటు. వీటి పొలుసులు చాలా సన్నవి. పైన జిగురు పొరే వీటికి కవచం. పదునైన కంకరలో దూరబోయిన బొమ్మిడాయికి ఆ పొర గీసుకుపోతుంది, గాయంలోంచి సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి. దూరడానికి ఏ మాత్రం వీల్లేని నేల మీద ఉంచితే ఫిల్టర్ వెనకో గాజు మూలనో నక్కి, తిండి మానేస్తుంది. ఆగ్నేయాసియా కూలీ లోచ్‌కూ, దక్షిణ భారత ఇసుక వాగుల్లో తిరిగే ముళ్ళ లోచ్‌కూ ఇదే స్వభావం. ఈ లోచ్‌లకు కంటి కింద నిలబెట్టుకోగల చిన్న ముల్లు ఉంటుంది. చేప ఆకారం సన్నగా, పొడుగ్గా, మెత్తగా ఉందంటే అది ఇసుకలో దూరే చేపని అనుమానించవచ్చు.

రేణువు పరిమాణం: జ్యామితి చెప్పేది

అమెరికన్ భూవిజ్ఞాని చెస్టర్ వెంట్‌వర్త్ 1922లో రేణువులను పరిమాణం ప్రకారం వర్గీకరించాడు. భూవిజ్ఞానంలో నేటికీ అదే కొలబద్ద. దాని ప్రకారం 0.0625 నుంచి 2 మిల్లీమీటర్ల వరకు ఉన్నది ఇసుక, 2 నుంచి 4 వరకు చిరు గులక, 4 నుంచి 64 వరకు గులకరాయి. దుకాణాల్లో ‘అక్వేరియం గ్రావెల్’ పేరుతో అమ్మేది సాధారణంగా మూడు మిల్లీమీటర్లకు పైబడినదే. కోరీకీ, లోచ్‌కూ, బొమ్మిడాయికీ కావలసింది 0.3 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉన్న ఇసుక. ఈత కొలనుల ఫిల్టర్లలో వాడే పలుగురాయి ఇసుక దాదాపు ఈ పరిమాణంలోనే, జల్లించి శుభ్రంగా దొరుకుతుంది.

పరిమాణం ప్రభావం చేప నోటితో ఆగదు. ఒకే వ్యాసమున్న మూడు గోళాలను ఒకదానికొకటి తాకేలా పేర్చితే, వాటి మధ్య సందులోంచి జారగల అతి పెద్ద గోళం వ్యాసం, అసలు గోళాల వ్యాసంలో 0.155 వంతు. ఈ లెక్కన 8 మిల్లీమీటర్ల గులకల మధ్య 1.24 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఒక మిల్లీమీటరు మేత గింజ అందులోంచి సులువుగా కిందికి జారిపోతుంది. అర మిల్లీమీటరు ఇసుకలో ఆ సందు 0.08 మిల్లీమీటర్లే, మేత గింజ పైనే ఆగుతుంది. నిజమైన గులకలు గోళాలంత పొందికగా అమరవు కాబట్టి సందులు ఇంకా పెద్దవిగానే ఉంటాయి. గులకల్లో జారిన తిండి చేపకు అందదు, యజమానికి కనబడదు. అక్కడే కుళ్ళుతుంది.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. మసాచుసెట్స్‌లో తాగునీటి వడపోత మీద పనిచేసిన ఇంజనీరు అలెన్ హేజెన్, ఇసుకలోంచి నీరు పారే సామర్థ్యం రేణువు వ్యాసం వర్గానికి అనులోమంగా ఉంటుందని 1890లలో చూపాడు. 5 మిల్లీమీటర్ల గులకతో పోలిస్తే 0.5 మిల్లీమీటర్ల ఇసుకలోంచి నీరు నూరో వంతు తేలికగా మాత్రమే పారుతుంది. ఇసుక చెత్తను పైన నిలుపుతుంది, అయితే లోపలికి ఆక్సిజన్‌నూ అంత సులువుగా పోనివ్వదు. రేణువు మరీ సన్నగా, 0.1 మిల్లీమీటరు దగ్గరికి వస్తే ఇంకో ఇబ్బంది. అది నీటిలో సెకనుకు సెంటీమీటరు లోపే దిగుతుంది. చేప కదిలిన ప్రతిసారీ లేచి, నీటిని మసక చేసి, ఫిల్టర్ మోటారులో చేరి దాన్ని అరగదీస్తుంది. అదే అర మిల్లీమీటరు పలుగురాయి రేణువు సెకనుకు సుమారు ఏడు సెంటీమీటర్లు దిగిపోతుంది. మధ్య రకం ఇసుకను కోరుకోవడానికి ఇదే కారణం.

మీసాలు అరిగిపోవడం

కోరీల పెంపకంలో ఎక్కువగా చర్చకు వచ్చే సమస్య మీసాలు అరిగిపోవడం. పొడుగ్గా, కోసగా ఉండాల్సిన మీసాలు కురచబారి, చివరికి మొదళ్ళు మాత్రమే మిగులుతాయి. కొందరు దీనికి పదునైన గులకే కారణమంటారు. కంకర మీద ఏళ్ళ తరబడి నిండు మీసాలతో బతికిన చేపలను చూపి, మురికే కారణమని మరికొందరు వాదిస్తారు.

రేణువు జ్యామితిని దృష్టిలో పెట్టుకుంటే ఈ రెండు వాదాలూ ఒకే చోట కలుస్తాయి. గులకల సందుల్లో చెత్త పేరుకుంటుంది. దాని మీద బ్యాక్టీరియా విపరీతంగా పెరుగుతుంది. చేప తిండి కోసం తన మీసాలను సరిగ్గా ఆ సందుల్లోనే దోపుతుంది. గులక అంచు పదునుగా ఉంటే మీసం చర్మానికి కంటికి కనిపించని గీతలు పడతాయి, ఆ గీతలే బ్యాక్టీరియాకు ప్రవేశద్వారాలు. ఒరిపిడి, మురికి ఒకదానికొకటి తోడై మీసాన్ని తినేస్తాయి. శుభ్రంగా ఉంచిన మృదువైన గులక మీద మీసాలు నిలవవచ్చు. శుభ్రం చేయని సన్నని ఇసుక మీద కూడా పోవచ్చు. మొదలు దెబ్బతినకుండా ఉంటే, నేలను మార్చి నీటిని శుభ్రంగా ఉంచినప్పుడు మీసాలు మళ్ళీ పెరుగుతాయి. సమస్య కనబడగానే మందు కోసం వెతికే బదులు ముందు నేలను పరీక్షించాలి.

ఆకారం: అంచులు ఎక్కడ అరిగాయి?

రేణువు ఎంత దూరం, ఎంత కాలం దొర్లిందో దాని అంచులు చెబుతాయి. నది మోసుకొచ్చిన గులకలు ఒకదానికొకటి రాసుకుని నునుపెక్కుతాయి. సన్నని ఇసుకకు ఈ నునుపు అంత త్వరగా రాదు. నీటిలో చిన్న రేణువులు ఢీకొట్టే శక్తిని నీరే తగ్గించేస్తుంది. గాలికి కొట్టుకుపోయే ఎడారి ఇసుక ఇంకా గుండ్రబడడానికి కారణం ఇదే. కాబట్టి నది ఇసుక అన్న పేరు చూసి అన్నీ మృదువనుకోకూడదు. భూతద్దం కింద చూసి తేల్చుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఇళ్ళ నిర్మాణానికి ఇప్పుడు విరివిగా వాడుతున్న రోబో శాండ్ ఈ పనికి పూర్తిగా పనికిరాదు. అది క్రషర్లలో గ్రానైట్ వంటి రాళ్ళను పగలగొట్టి చేసిన పొడి. ప్రతి రేణువుకూ అప్పుడే విరిగిన పదునైన అంచులుంటాయి. సిమెంటు గట్టిగా పట్టుకోవడానికి ఆ అంచులు మేలు చేస్తాయి, కోరీ మీసానికి అదే అంచు శత్రువు. పలుగురాయి కాఠిన్యం మోహ్స్ కొలమానంలో 7, మామూలు గాజుది సుమారు 5.5. పదునైన పలుగు రేణువు గాజునే గీయగలదంటే చర్మం సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. చిటికెడు ఇసుకను తడిపి, మణికట్టు లోపలి వైపు మెత్తని చర్మం మీద వేసి వేలితో రుద్దాలి. గరగరలాడినా గుచ్చుకోకపోతే అది పనికొస్తుంది. మంటగా, గీరినట్టు అనిపిస్తే వదిలేయాలి.

రాతి రసాయనం

పలుగురాయి నీటిలో దాదాపు ఏ మార్పూ తేదు. సున్నపురాయి, పగడపు పొడి, గవ్వల పెంకులు అలా కాదు. వాటిలోని కాల్షియం కార్బొనేట్ మెల్లగా కరిగి నీటి కాఠిన్యాన్నీ పీహెచ్‌నూ పెంచుతుంది. ఆకులు కుళ్ళిన నీటిలో, మెత్తని ఆమ్లగుణపు నీటిలో పుట్టి పెరిగిన కూలీ లోచ్‌లకు, పలు అమెజాన్ కోరీ జాతులకు ఇది పడదు. సముద్రపు ఒడ్డు ఇసుకలో నత్తగుల్లల ముక్కలు, ఉప్పు రెండూ ఉంటాయి కాబట్టి మంచినీటి తొట్టిలో వాడకపోవడమే మంచిది.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఎండిన ఇసుకను గిన్నెలో వేసి వెనిగర్ పోయాలి. బుడగలు లేస్తే అందులో కార్బొనేట్ ఉందన్నమాట. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లంతో చర్య జరిగి వెలువడే కార్బన్ డయాక్సైడే ఆ బుడగలు.

అయితే కార్బొనేట్ ఇసుక అన్ని చేపలకూ చెడ్డది కాదు. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు నీరు క్షారగుణంతో, పీహెచ్ 9కి దగ్గరగా ఉంటుంది. అక్కడి కొన్ని చిన్న సిక్లిడ్ చేపలు నియోథౌమా నత్తల ఖాళీ గుల్లల్లో కాపురం ఉంటాయి. నోటితో ఇసుకను తవ్వి, గుల్లను కావలసిన లోతుకు పాతుకుంటాయి. వాటికి సన్నని ఇసుకా కావాలి, ఆ ఇసుక నీటిని క్షారంగా ఉంచితే మేలు కూడా. ఒక చేపకు పనికిరాని నేల ఇంకో చేపకు సొంత ఊరవుతుంది. చేప ఏ నీటిదో తెలియకుండా ‘మంచి సబ్‌స్ట్రేట్ ఏది?’ అని అడిగితే సమాధానం ఉండదు.

ఇసుక లోపలి జీవం, లోతు

నేల పైపొరలో ఆక్సిజన్ అందే మేర నత్రీకరణ సూక్ష్మజీవులు స్థిరపడతాయి. చేపల విసర్జనలోంచి వచ్చే విషపూరిత అమ్మోనియాను ఇవి నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండు మెట్లూ వేర్వేరు జీవులే చేస్తాయని వందేళ్ళకు పైగా అనుకున్నారు. నైట్రోస్పైరా బ్యాక్టీరియాల్లో కొన్ని మొత్తం పని ఒంటరిగానే చేస్తాయని 2015లో బయటపడింది. ఇసుక రేణువుల ఉపరితలం ఈ జీవులకు నివాసం.

ఆక్సిజన్ విసరణ గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మది. అందువల్ల కదలిక లేని ఇసుకలో కొంత లోతుకు వెళ్ళేసరికి ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడ వేరే బ్యాక్టీరియాలు నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చేస్తాయి, అది తొట్టికి మేలే. సేంద్రియ చెత్త మరీ పేరుకుపోతే సల్ఫేట్‌ను వాడుకునే బ్యాక్టీరియాలు పెరిగి, కుళ్ళిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విడుదల చేస్తాయి. గాజు పక్కన ఇసుకలో కనబడే నల్లని మచ్చలు ఐరన్ సల్ఫైడ్‌వి. ఈ వాయువు ఆక్సిజన్ ఉన్న నీటిలోకి వచ్చేసరికి చాలావరకు ఆక్సీకరణం చెందుతుంది కాబట్టి ఒక నల్ల మచ్చ చూసి కంగారుపడనక్కర్లేదు. కానీ ఇసుకలో మూతి పెట్టి తినే చేపకు ఆ మచ్చ ఉన్న చోటు ప్రమాదమే.

లోతును కూడా చేపే నిర్ణయిస్తుంది. కోరీలకు రెండున్నర నుంచి నాలుగు సెంటీమీటర్లు చాలు. అంత పలుచని ఇసుకను అవే నిత్యం తిరగేస్తూ ఉంటాయి. దేహాన్ని పూడ్చుకునే బొమ్మిడాయి జాతికి ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు కావాలి. లోతు పెరిగిన కొద్దీ దాన్ని కదిపే పని మనమో, ఇసుకలో తిరిగే నత్తలో చేయాలి. మన చెరువుల్లోనూ కనిపించే మొనదేలిన మెలనాయిడెస్ నత్తలు పగలు ఇసుకలో దూరి, రాత్రి బయటకు వస్తూ దాన్ని గుల్లచేస్తాయి. తిండి మిగిలితే విపరీతంగా పెరిగిపోతాయి కాబట్టి మేత కొలత తప్పకూడదు.

రంగు

చేపల చర్మంలోని నల్లకణాలు నేల రంగును బట్టి విచ్చుకుంటాయి, ముడుచుకుంటాయి. చేపల రంగు మార్పు వెనక నాడీ వ్యవస్థ పాత్రను తేనెటీగల నృత్య పరిశోధనతో తర్వాత పేరు పొందిన కార్ల్ వాన్ ఫ్రిష్ తన తొలి పరిశోధనల్లోనే అధ్యయనం చేశాడు. తెల్లని నేల మీద చాలా చేపలు పాలిపోతాయి. కింది నుంచి వెలుగు తిరిగి కొట్టడంతో అడుగు చేపలు దాక్కుని ఉంటాయి. గోధుమ, బూడిద వంటి సహజ రంగులు వాటికి నెమ్మది ఇస్తాయి. రంగు పూత వేసిన మెరిసే రాళ్ళ పూత కాలక్రమంలో లేస్తుంది కూడా. ఎండిన బాదం ఆకులు కొన్ని ఇసుక మీద పరిస్తే నీడా దొరుకుతుంది, వాటి మీద పెరిగే సూక్ష్మజీవులు చిన్న లోచ్‌లకు తిండీ అవుతాయి.

పరిచే పద్ధతి

అరవై సెంటీమీటర్ల పొడవు, ముప్ఫై సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తొట్టిలో నాలుగు సెంటీమీటర్ల మందం కావాలంటే 7.2 లీటర్ల ఇసుక అవసరం. పొడి ఇసుక లీటరు సుమారు 1.6 కిలోలు తూగుతుంది కాబట్టి పదకొండున్నర కిలోలు పడుతుంది. దాన్ని కొద్దికొద్దిగా బకెట్‌లో వేసి, నీళ్ళు ధారగా పోస్తూ కలియబెట్టి, మురికి నీటిని ఒంపేయాలి. గాజు సీసాలో కొంచెం తీసి కుదిపినప్పుడు ఇసుక దిగిన వెంటనే పైనీరు తేటపడితే కడగడం పూర్తయినట్టు. ఇంకా మసకగా ఉందంటే బంకమన్ను మిగిలి ఉంది.

ముందు పెద్ద రాళ్ళను, దుంగలను నేరుగా గాజు మీద ఆనించి, తర్వాతే ఇసుక పోయాలి. ఇసుక మీద నిలబెట్టిన రాయి కింద చేప తవ్వితే అది చేప మీదే పడుతుంది. శుభ్రం చేసేటప్పుడు సైఫన్ గొట్టాన్ని ఇసుకకు వేలెడు పైన తిప్పితే చెత్త వస్తుంది, ఇసుక ఉండిపోతుంది. ఇప్పటికే గులక ఉన్న తొట్టిని ఇసుకకు మార్చాలంటే ఒక్కరోజులో మొత్తం తీయకూడదు. సూక్ష్మజీవులన్నీ గులకతోపాటే పోతే నీటిలో అమ్మోనియా పెరిగి చేపలు చస్తాయి. కొన్ని వారాల్లో, భాగాలుగా మార్చాలి. మొక్కల కోసం అమ్మే కాల్చిన మట్టి గుళికలకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. అవి మొదటి వారాల్లో తామే అమ్మోనియాను వదులుతాయి.

బాధ్యత

అడుగును శుభ్రం చేస్తుందని చెప్పి దుకాణాల్లో అమ్మే సక్కర్ చేప ఇక్కడ ఒక హెచ్చరిక. చిన్నప్పుడు ముచ్చటగా ఉండి, పెరిగి తొట్టికి మించిపోతే జనం దాన్ని చెరువుల్లో, కాలువల్లో వదిలేశారు. దక్షిణ అమెరికాకు చెందిన ఆ జాతి ఇప్పుడు తెలుగు రాష్ట్రాల నీళ్ళలోనూ స్థిరపడి, డెవిల్ ఫిష్‌గా మత్స్యకారుల వలలు చింపుతోంది. గట్ల మట్టిలో గుడ్ల కోసం సొరంగాలు తవ్వుతోంది. ఏ అడుగు చేపా మన తొట్టిని కడిగిపెట్టడానికి పుట్టలేదు. దానికి తన మేత, తన నేల వేరే కావాలి. పెరిగితే ఎంతవుతుందో కొనే ముందే తెలుసుకోవాలి. పెద్ద బొమ్మిడాయి జాతి తొంభై సెంటీమీటర్ల దాకా పెరిగే అవకాశముంది, అది ఇంటి తొట్టిలో పెంచదగ్గది కాదు.

కాబట్టి క్రమం ఇలా ఉండాలి. ముందు చేపను నిర్ణయించుకోవాలి. అది ఇసుకను జల్లించి తింటుందా, ఇసుకలో దూరుతుందా, రాతి మీద ఆనుకుని ఉంటుందా తెలుసుకోవాలి. దాని సొంత నది నీరు మెత్తనిదా, కఠినమైనదా చూడాలి. అప్పుడు రేణువు పరిమాణం, అంచు, రసాయనం, లోతు ఈ నాలుగూ తేలతాయి. రంగు వాటి తర్వాత వస్తుంది. ఇసుక సంచి తొట్టి మొత్తం ఖర్చులో చిన్న భాగం. అడుగు చేపకు మాత్రం తాను జీవితాంతం తాకి, తిని, పడుకునే చోటు అదొక్కటే. ఆ ఎంపికను చివరికి వదలకుండా తొట్టి కొనేముందే పూర్తి చేయడం, ఆ జీవిని ఇంటికి తెచ్చుకునేవారి మొదటి కర్తవ్యం.